బ్రోచర్ రాసే ముందు

హైదరాబాద్

అమ్ములూ,

నీకు పీఆర్ సంస్థలో ఉద్యోగం వచ్చిందనీ, చేరీ చేరగానే ఇద్దరు బిల్డర్ల పని నీ చేతికిచ్చారనీ అక్క చెప్పింది. నువ్వు పంపిన మెసేజ్ కూడా చూశాను. "యాడ్స్‌కి ఏజెన్సీ ఉంది, అమ్మడానికి సేల్స్ వాళ్లున్నారు, వాళ్లకు తోడు ఏజెంట్లున్నారు. మధ్యలో మేం చేసేదేంటి పిన్నీ?" అని అడిగావు. ఏళ్ల తరబడి ఈ పనిలోనే ఉన్నదాన్ని, దానికి ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

యాడ్ ఏజెన్సీ బిల్డర్ డబ్బుతో పేపర్లో చోటు కొంటుంది. అందులో ఏమున్నా అది ఆయన తన గురించి తాను చెప్పుకుంటున్నదేనని చదివేవాడికి తెలుసు. సేల్స్ కుర్రాడి మాటనూ జనం ఆచితూచే నమ్ముతారు, నెల తిరిగేసరికి అతనికో టార్గెట్ ఉంటుంది కదా. నువ్వు రాసిచ్చిన ప్రెస్‌నోటు అలా కాదు. విలేకరి చేతి మీదుగా వార్తయి బయటికొస్తుంది. నువ్వు ఏర్పాటు చేసిన ఇంటర్వ్యూ చూసి జనం ఆ బిల్డర్ ఎలాంటివాడో ఒక అంచనాకు వస్తారు. అప్పిచ్చే బ్యాంకు, అనుమతులిచ్చే ఆఫీసు, పక్క కాలనీ సంఘం, బుక్ చేసుకున్నవాళ్ల వాట్సాప్ గ్రూపు, వీళ్లంతా ఆ సంస్థ గురించి ఏమనుకుంటున్నారో నీకు తెలిసి ఉండాలి. అందరూ మంచిగా అనుకోవాలని బిల్డర్ కోరతాడు. ఆ మంచి అభిప్రాయం నిజం మీద నిలబడిందా లేదా అని చూడటం నీ వంతు.

మన పని మిగతా వ్యాపారాల పీఆర్ కంటే ఎందుకు బరువైనదో కూడా చెబుతాను. చీర కొనేవాళ్లు అంచు తిరగేసి, పోగు పట్టి చూసి కొంటారు. ఫ్లాటు కొనేవాడికి ఆ వీలు లేదు. అతను డబ్బు కట్టే రోజుకు అక్కడ గుంత కూడా తవ్వి ఉండరు. ఇరవై ఏళ్ల ఈఎంఐకి సంతకం పెట్టేముందు అతని చేతిలో ఉండేవి ఒక బ్రోచర్, ఒక మోడల్ ఫ్లాటు, పేపర్లో చదివిన నాలుగు వాక్యాలు. ఆ నాలుగు వాక్యాలూ నువ్వు రాసినవే కావచ్చు. కాబట్టి నువ్వు రాసే ప్రతి వాక్యం వెనకా ఒక కాగితం ఉండి తీరాలి. ఈ ఉత్తరమంతా నేను చెప్పబోయేది ఇదే.

చట్టం కూడా ఇదే అంటుంది. 2016లో వచ్చి 2017 మే 1 నుంచి పూర్తిగా అమలైన రెరా చట్టాన్ని, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టాన్ని, నువ్వు వకీలులా చదవక్కర్లేదు గానీ, కొన్ని సెక్షన్లు మాత్రం నోటికి రావాలి. 500 చదరపు మీటర్లు మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించి ఫ్లాట్లతో గానీ కట్టే ప్రాజెక్టును రెరాలో రిజిస్టరు చేయకుండా అమ్మకూడదు, బుకింగులు తీసుకోకూడదు, ప్రచారం కూడా చేయకూడదు. అదీ మూడో సెక్షన్. తప్పితే జరిమానా ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా ఉంటుంది. ప్రకటనలో రెరా రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా స్పష్టంగా కనిపించాలని 11వ సెక్షన్ చెబుతుంది. ఇక 12వది. ప్రకటనలోనో, బ్రోచర్లోనో, మోడల్ ఫ్లాట్‌లోనో చూపిన తప్పుడు సమాచారం నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాడికి బిల్డర్ పరిహారం ఇవ్వాలి. అతను వద్దనుకుంటే కట్టిన సొమ్మంతా వడ్డీతో సహా తిరిగివ్వాలి.

"అవన్నీ యాడ్స్‌కి కదా, ప్రెస్‌నోటుకు కాదు కదా" అని మీ ఆఫీసులో ఎవరో ఒకరు అంటారు. చట్టంలో ప్రకటన అంటే ఏమిటో రెండో సెక్షన్లోనే రాసి ఉంది: నోటీసు, సర్క్యులరు, ఏ రూపంలోనైనా జరిగే ప్రచారం. ఏ రూపంలోనైనా అన్నాక నీ ప్రెస్‌నోటు అందులోకి రాదని నేను ఎన్నడూ అనుకోలేదు. నువ్వూ అనుకోకు.

అందుకే కొత్త ప్రాజెక్టు చేతికొస్తే ముందు బ్రోచర్ అడగకు, ఫైలు అడుగు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), స్థలం నిషేధిత జాబితాలో లేదన్న రుజువు, మంజూరైన ప్లాను, రెరా సర్టిఫికెట్. చెరువు దగ్గర స్థలమైతే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు, ఎక్కడిదాకా ఉందో, దాన్ని ఆనుకుని ఏమీ కట్టకూడని బఫర్ ఎక్కడ మొదలవుతుందో చూపే మ్యాపు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ రెండు మాటలు హైదరాబాద్‌లో ప్రతి ఇంట్లోనూ వినిపించాయి. "లేక్ వ్యూ" అని రాసిన వాళ్లందరూ ఆ లేక్ హద్దు ఎక్కడుందో ముందే చూసి ఉంటే, జీవితకాలం కూడబెట్టి కొనుక్కున్న ఇంటి ముందు బుల్‌డోజర్ ఆగితే ఏడ్చే రోజు కొన్ని కుటుంబాలకైనా తప్పేది. ఫైలు అడిగితే "ఇవన్నీ నీకెందుకమ్మా, మా లీగల్ వాళ్లు చూసుకున్నారు" అని బిల్డర్ అంటాడు. "రేపు విలేకరి అడిగితే జవాబు చెప్పాల్సింది నేనే కదండీ" అని మర్యాదగా చెప్పు. అది నిజం కూడా.

కాగితాలు చూశాక స్థలం చూడు. ఎయిర్‌పోర్టుకు 15 నిమిషాలు అని బ్రోచర్లో ఉంటే, ఆఫీసులు తెరిచే రోజున ఉదయం తొమ్మిదింటికి నువ్వే కారెక్కి వెళ్లు. ఎంతసేపు పట్టిందో అదే రాయి. మెట్రో వస్తుందనీ, రీజనల్ రింగ్ రోడ్డు పక్కనే పోతుందనీ ఉంటే మంజూరైన అలైన్‌మెంట్ చూపించమను. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది, 100.75 కోట్లకు పోయింది. ఆ వార్త వచ్చాక అక్కడికి గంట ప్రయాణం దూరంలో ఉన్న వెంచర్ల నోట్లలో కూడా కోకాపేట పేరు కనిపించింది. ఎకరం వందకోట్లు పలికిన చోట రోడ్డూ, డ్రైనేజీ, కరెంటూ ప్రభుత్వం వేసి ఇచ్చిన లేఅవుట్ ఉంది. దానికీ ఊరి పొలిమేరలో రాళ్లు పాతిన ప్లాటుకూ పోలిక తెచ్చి రాయడమంటే, గజాల లెక్కన ప్లాటు కొనుక్కునే చిన్న ఉద్యోగిని తప్పుదోవ పట్టించడమే. ఆ పని నీ చేతుల మీదుగా జరగకూడదు.

ప్రీ-లాంచ్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, నీ దగ్గరికి తప్పకుండా వస్తుంది కాబట్టి. మార్కెట్ ధరలో సగానికో, మూడొంతుల్లో రెండొంతులకో ఫ్లాటు ఇస్తామంటారు. డబ్బు మాత్రం మొత్తం ఒకేసారి కట్టాలి. ప్లాను మంజూరు కాలేదు, రెరా నంబరు లేదు. కొన్నవాడి చేతిలో ఒక ఎంవోయూ కాగితం, లేదంటే స్థలంలో ఇన్ని గజాల అవిభాజ్య వాటా అని ఒక యూడీఎస్ రిజిస్ట్రేషన్. అగ్రిమెంట్ రాసి రిజిస్టరు చేయకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని రెరా 13వ సెక్షన్ చెబుతుండగానే, నూటికి నూరు శాతం తీసుకుంటారు. ఆ డబ్బు ఎటు పోయిందో అడిగే దిక్కు లేదు. రిజిస్టరైన ప్రాజెక్టులో అయితే కొనేవాళ్లిచ్చిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో వేసి, ఆ ప్రాజెక్టు స్థలానికీ నిర్మాణానికీ మాత్రమే వాడాలి. ప్రీ-లాంచ్‌లో ఆ కట్టడి ఏదీ లేదు. 2022 చివర్లో మన నగర శివారులోని ఒక వ్యవహారంలో సంస్థ అధిపతి అరెస్టయ్యేదాకా పోయింది. కొన్నవాళ్లలో రిటైరైన టీచర్లున్నారు, కూతురి పెళ్లి డబ్బు పెట్టినవాళ్లున్నారు, అమెరికా నుంచి పంపినవాళ్లున్నారు.

ఇలాంటి పని మన దగ్గరికి ప్రీ-లాంచ్ పేరుతో రాదు. "సాఫ్ట్ లాంచ్" అంటారు, "ఇన్వెస్టర్స్ మీట్" అంటారు, "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ ఆఫర్" అంటారు. "మనం అమ్మడం లేదు, బ్రాండ్‌ను పరిచయం చేస్తున్నామంతే" అని నిన్ను ఒప్పించబోతారు. నువ్వు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: రెరా నంబరు ఎంత? నంబరు లేదంటే ప్రెస్‌మీట్ లేదు, నోటు లేదు, ఫొటో లేదు. ఈ విషయంలో సర్దుబాటు మాటే వద్దు. మీ బాస్ నొచ్చుకున్నా సరే.

నంబరుంది కదా అని బ్రోచర్ను కళ్లు మూసుకుని నమ్మకు. నోయిడాలో ఎమరాల్డ్ కోర్ట్ అనే నివాస సముదాయం సంగతి నువ్వు టీవీలో చూసే ఉంటావు. మొదటి ప్లానులో పచ్చిక బయలుగా చూపిన చోట, తర్వాత ప్లాను మార్చి సూపర్‌టెక్ సంస్థ రెండు టవర్లు లేపింది. ఒకటి 32 అంతస్తులు, ఇంకోటి 29. అప్పటికే అక్కడ ఫ్లాట్లు కొని కాపురముంటున్నవాళ్లు సంఘంగా నిలబడి కోర్టుకెక్కారు. 2014లో అలహాబాద్ హైకోర్టు కూల్చమంది. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. 2022 ఆగస్టు 28న మందుగుండు పెట్టి క్షణాల్లో నేలమట్టం చేశారు. దేశమంతా ఆ పేలుడు చూసింది. నేను మాత్రం ఆ సంఘంలోని పెద్దవాళ్ల గురించి ఆలోచిస్తూ ఉండిపోయాను. తమకు చూపించిన తోట తమకు కావాలని అన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. బ్రోచర్లో ఆకుపచ్చ రంగు వేసిన మనిషికి అది ఒక రంగు. దాన్ని చూసి ఇల్లు కొన్న ముసలాయనకు అది సాయంత్రం నడవాల్సిన చోటు. ఇప్పుడు రెరా ప్రకారం మంజూరైన ప్లానును మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. అందుకని క్లబ్‌హౌసూ, పార్కూ, ఈతకొలనూ గురించి రాసేటప్పుడు మంజూరైన ప్లాను పక్కన పెట్టుకుని రాయి. అందులో లేనిది నీ నోటులో ఉండకూడదు.

సినిమా తారలనూ, ఇన్‌ఫ్లుయెన్సర్లనూ తెచ్చే పని కూడా నీకు చెబుతారు. నోయిడాలోనే ఆమ్రపాలి సంస్థకు క్రికెటర్ ధోనీ బ్రాండ్ అంబాసిడర్‌గా ఉండేవాడు. ఇళ్లలో సౌకర్యాలు లేవని అక్కడివాళ్లు సోషల్ మీడియాలో అతన్నే నిలదీస్తే 2016 ఏప్రిల్‌లో తప్పుకున్నాడు. 2019లో సుప్రీంకోర్టు ఆ సంస్థ రెరా రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసి, మిగిలిన ఇళ్లు కట్టే పని ప్రభుత్వ సంస్థ ఎన్‌బీసీసీకి అప్పగించింది. పేరున్న ముఖం తెచ్చిన నమ్మకం కట్టని గోడలను నిలబెట్టలేకపోయింది. 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుడు ప్రకటనలో కనిపించిన ప్రముఖుడికి కూడా 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఇన్‌ఫ్లుయెన్సర్ డబ్బు తీసుకుంటే ఆ మాట వీడియోలోనే చెప్పాలి. నువ్వు ఒప్పందం రాసేటప్పుడే ఈ షరతు పెట్టు.

విలేకరుల విషయంలో నా మాట కొంచెం గట్టిగా ఉంటుంది. నేను పీఆర్‌లోకి రాకముందు పత్రిక డెస్కులో పనిచేశానని నీకు తెలుసు. స్థిరాస్తి పేజీ ఎలా నిండుతుందో రెండు వైపుల నుంచీ చూశాను. పెయిడ్ న్యూస్ మీద 2010లో ప్రెస్ కౌన్సిల్‌కు నివేదిక రాసిన ఇద్దరిలో ఒకరు మన తెలుగు పాత్రికేయుడే, కె. శ్రీనివాసరెడ్డి గారు. రెండోవారు పరంజోయ్ గుహా ఠాకుర్తా. ఆ నివేదిక ఎక్కువగా ఎన్నికల వార్తల గురించి రాసిందే అయినా, డబ్బిచ్చి వేయించుకున్నదాన్ని వార్తగా చదివించడం పాఠకుడిని మోసగించడమేనన్నది ఇళ్ల వార్తలకు ఇంకా ఎక్కువ వర్తిస్తుందని నా నమ్మకం. ఎందుకంటే ఇక్కడ పాఠకుడు చదివి ఊరుకోడు, డబ్బు తీసి కడతాడు. డబ్బిచ్చి వేయించుకునే వ్యాసమైతే పైన "ప్రకటన" అని వేయమని నువ్వే అడుగు. ప్రెస్‌మీట్‌లో కవర్లు పంచమంటే ఆ పని నాది కాదని చెప్పు. విలేకరికి కావలసింది సరైన అంకె, సమయానికి ఎత్తే ఫోను, సైట్లోకి అడ్డులేని ప్రవేశం. ఈ మూడూ ఇచ్చినవాళ్లను విలేకరులు గుర్తుంచుకుంటారు. నోటు బాగాలేదని పక్కన పడేసినా, చిక్కు వచ్చిన రోజు ముందు నీకే ఫోను చేసి అడుగుతారు.

ఆ చిక్కు వచ్చే రోజు గురించి. పీఆర్ మనిషి విలువ బిల్డర్‌కు తెలిసేది ఆ రోజే.

ఎక్కువగా వచ్చే చిక్కు ఆలస్యం. హ్యాండోవర్ తేదీ దాటిపోతుంది, అద్దె ఒకవైపు, ఈఎంఐ ఒకవైపు కడుతున్నవాళ్లు మండిపడతారు. బిల్డర్ మౌనంగా ఉంటాడు, ఫోను ఎత్తితే తిడతారని. 2020లో లాక్‌డౌన్ వచ్చి కూలీలంతా సొంతూళ్లకు వెళ్లిపోయినప్పుడు దాదాపు అన్ని సైట్లూ ఆగిపోయాయి. కేంద్రం రెరా గడువులను ఆరు నెలలు పొడిగించుకోవచ్చంది. చాలామంది ఆ ఉత్తర్వు కాపీ గ్రూపులో పెట్టి తమ పని అయిపోయిందనుకున్నారు. నేను చూసుకుంటున్న ఒక సంస్థలో మాత్రం ఇంజినీరుతో మాట్లాడి, ఏ టవర్లో ఎన్ని స్లాబులు పడ్డాయి, ఎంతమంది కూలీలు తిరిగొచ్చారు, లిఫ్టులు ఎప్పుడు రావచ్చు అన్నది ప్రతి నెలా ఫొటోలతో కొన్నవాళ్లకు ఉత్తరంగా పంపే ఏర్పాటు చేశాం. పని సాగని నెలలో సాగలేదనే రాశాం. యజమాని మొదట భయపడ్డాడు. కొద్ది నెలలకు గ్రూపులో తిట్లు తగ్గి ప్రశ్నలు పెరిగాయి. ప్రశ్నలు అడుగుతున్నారంటే ఇంకా నమ్మకం మిగిలి ఉన్నట్టు. ఎలాగూ మూడు నెలలకోసారి ప్రాజెక్టు పురోగతిని రెరా వెబ్‌సైట్‌లో పెట్టాలి. అక్కడ ఒక మాట, ఉత్తరంలో ఇంకో మాట లేకుండా చూసుకో.

రెండోది ప్రమాదం. 2024 మే 7న కుండపోత వానకు బాచుపల్లిలో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్ రిటైనింగ్ గోడ కూలి, పక్కన షెడ్లలో ఉంటున్న ఏడుగురు చనిపోయారు. పొరుగు రాష్ట్రాల నుంచి పనికి వచ్చినవాళ్లు, వాళ్లలో ఒక పసివాడు. అలాంటిది నీ క్లయింటు సైట్లో జరిగితే మొదటి గంటలో నువ్వు ఏం చేస్తావో ఇప్పుడే ఆలోచించి పెట్టుకో. ముందు కుటుంబాలకు తెలియాలి, తర్వాతే పత్రికలకు. మాట్లాడాల్సింది సంస్థ యజమాని, ఆయన ముందుకు తోసే మేనేజరు కాదు. తెలిసినది చెప్పాలి, తెలియనిది ఎప్పటికి తెలుస్తుందో చెప్పాలి. విచారణ జరగకముందే నెపం వాన మీద పెట్టే వాక్యం నీ నోటులో రాకూడదు. "ప్రాజెక్టు షెడ్యూలుపై ప్రభావం ఉండదు" అన్న వాక్యం అసలే రాకూడదు. ఆ రోజు ఎవరూ నిన్ను షెడ్యూలు అడగరు. మృతుల పేర్లు సరిగ్గా రాయి. ఏ ఊరివాళ్లో కనుక్కో. "ఏడుగురు కూలీలు" అని వదిలేయకు.

ఇంకో సంగతి ఎవరూ నీకు చెప్పరు, కానీ నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికంటే మేలైన భాగం అదే. కొన్నవాళ్లకూ పత్రికలకూ గొంతుంది. సైటు పక్క కాలనీవాళ్లకు లేదు. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 20 వేల చదరపు మీటర్లు దాటిన నిర్మాణానికి పర్యావరణ అనుమతి కావాలి గానీ, ఇలాంటి భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. అంటే నలభై అంతస్తుల టవర్ లేస్తున్నా పక్కింటివాణ్ణి అడగాల్సిన పని లేదు. బండ పేల్చే చప్పుడు, రాత్రుళ్లు తిరిగే లారీలు, దుమ్ము, లోతుగా వేసిన కొత్త బోర్లతో ఎండిపోయే పాత బోర్లు, ఇవన్నీ మాత్రం అతనివి. పునాది తవ్వకముందే ఆ కాలనీ సంఘంతో ఒక సాయంత్రం కూర్చోమని బిల్డర్‌కు చెప్పు. పేలుళ్లు ఏ వేళల్లో ఉంటాయి, నీళ్లు ఎక్కణ్నుంచి తెస్తారు, డ్రైనేజీ ఎటు పోతుంది, ఏదైనా జరిగితే ఎవరికి ఫోను చేయాలి, అన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇంటింటికీ ఇవ్వండి. వాళ్లు చెప్పింది నువ్వు రాసుకుని సైట్ ఇంజినీరు దాకా తీసుకెళ్లు. బయటి మాటను లోపలికి మోసుకెళ్లే పని ఎవరి ఉద్యోగంలోనూ రాసి ఉండదు. దాన్ని నీ పనిగా చేసుకో.

విదేశాల్లో ఉన్న మనవాళ్లను కూడా మరిచిపోకు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు సభల్లో స్టాల్ పెట్టి అమ్ముతారు, జూమ్‌లో సైటు చూపిస్తారు. వాళ్లకు మట్టి తొక్కి చూసే వీలు లేదు, వాళ్ల తరఫున చూసివచ్చేది ఒక్కోసారి ఇక్కడున్న ముసలి తండ్రి. వాళ్ల కోసం తయారుచేసే ప్రతి కాగితంలో రెరా నంబరుతో పాటు, ఆ ఫైలును రెరా వెబ్‌సైట్‌లో ఎలా తెరిచి చూసుకోవాలో వరుసగా రాసి పెట్టు.

చివరగా డబ్బు సంగతి. నెలవారీ రిటైనర్ మీద పనిచేసేటప్పుడు ఒప్పందంలో రెండు షరతులు తప్పకుండా ఉండాలి. బిల్డర్ ఇచ్చిన ప్రతి సమాచారానికీ ఆధారం రాతపూర్వకంగా మీ సంస్థకు ఇవ్వాలి. అది తప్పని తేలితే నోటీసు గడువు లేకుండా పని మానేసే హక్కు మీకుండాలి. మీ దగ్గర ఇప్పుడున్న ఇద్దరు బిల్డర్ల ఒప్పందాల్లో ఈ రెండూ ఉన్నాయో లేదో సోమవారం చూడు. లేకపోతే రెన్యూవల్ దాకా ఆగకుండా మీ బాస్‌ను అడుగు. ఆయన కాదంటే ఏమన్నాడో నాకు రాయి, ఆ వాక్యాలు ఎలా ఉండాలో నేను ముసాయిదా పంపిస్తాను. చూసుకుని మీ లీగల్ వాళ్లకు ఇద్దువుగాని.

అక్కకూ బావగారికీ నమస్కారాలు చెప్పు.

మీ పిన్ని